పన్నెండో చోటు

ఆగస్టు 16

ఈ ఉదయం ఎప్పటిలాగే తెల్లవారింది. కిటికీ తెరిస్తే పొగమంచు ఆపిల్ చెట్ల నడుముల దాకా ఉంది. మోకరించి జపమాల అందుకున్నాను. సగంలో ఉండగా పైగదిలో మంచం కిర్రుమంది, అడుగులు పడ్డాయి, తర్వాత ధన్‌మని చప్పుడు. గుండర్స్ లేచాడన్నమాట. వచ్చిన నాటి నుంచి రోజూ అదే దూలం, అదే తల.

"ఏం కాలేదమ్మగారూ!" అని పైనుంచి కేక.

"దూలానికా, నీకా?" అన్నాను.

బాస్కెట్‌బాల్ క్లబ్బు వాళ్లు పక్కదేశం లాత్వియా నుంచి వచ్చిన ఈ పిల్లాణ్ణి నా పైగదిలో పెట్టారు. మా ఊళ్లో హోటలెక్కడుంది గనక. వాళ్ల భాషా మా భాషా అక్కచెల్లెళ్లు. అందుకని మాటల్లో సగం అర్థమవుతాయి, సగం గొడవవుతాయి. కిందికొచ్చి షాజీరా వేసిన నల్ల రొట్టె, వెన్న, ఉప్పు దోసకాయలు, గుడ్లు, మళ్లీ రొట్టె తిన్నాడు. తినేముందు చేతులు జోడించాడు. లూథరన్. అయినా జోడిస్తాడు. మా తమ్ముడు జిగ్మస్ కాథలిక్. తిన్నాక కూడా జోడించడు.

పిల్లాడు ప్రాక్టీసుకి వెళ్లాక నేను చర్చికి వెళ్లాను. నిన్న మరియమ్మ పండుగకి జనం తెచ్చిన పూలూ, ఓట్స్ కంకులూ, క్యారెట్ ఆకులూ బల్ల కింద వాడిపోయి ఉన్నాయి. ఊడ్చాను. పీఠం మీది తెల్లగుడ్డ మార్చాను. వచ్చేటప్పుడు రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, టోపీ తీసి, "ఈసారి సెంటర్ ఎవరండీ?" అన్నాడు.

"నాకు ఆటతో పనేముందండీ," అన్నాను.

"మీ నాన్నగారూ ఇలాగే అనేవారు," అని టోపీ పెట్టేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర చెల్లి రెగీనా. కొత్త స్కార్ఫు కట్టుకుంది. కొత్త స్కార్ఫు కట్టుకొచ్చిందంటే ఏదో అడగాలన్నమాట.

"అక్కా, జట్టులో ఒక్క చోటే మిగిలిందట. పన్నెండోది. బుట్ట కింద ఆడే సెంటర్‌ది, పొడుగువాళ్లకే ఇస్తారట. మా అబ్బాయి ఐమంతస్‌కా, నీ ఇంట్లో ఉన్న ఆ నిచ్చెనకా అని కోచ్ తేల్చుకోలేకపోతున్నాడు."

"మంచిది."

"ఏంటి మంచిది? నువ్వు ప్రార్థన చెయ్యి. తొమ్మిది రోజులది. నాకు ఒక రోజు మధ్యలో ఏదో ఒకటి అడ్డొస్తుంది, నీకైతే ఏ పనీ లేదు కదా."

"చేస్తాను."

"ఇంకోటి. ఆ ఆదివారం మెట్ల మీద..." అని ఆగింది.

తెలుసు. నాన్న పోయాక ఇదే మొదటి సీజను. లీగు మొదలయ్యే ముందు ఆదివారం, పూజ అయ్యాక, చర్చి మెట్ల మీద నిలబడి ఈ ఏడు జట్టు అంచనా చెప్పేది మా ఇంటి పెద్దవాళ్లు. తాత చెప్పేవాడు, తర్వాత నాన్న. ఎవరెవరు ఆడాలో, ఎవరు కూర్చోవాలో, కొంగలు ఈసారి ఎన్నో స్థానంలో తేలతాయో. మా జట్టు పేరు కొంగలు. పేరు పెట్టినవాళ్లు కొంగ ఎగరడం చూసి పెట్టారు, మేం అది నిలబడడం చూస్తున్నాం. కోచ్‌లు వస్తారు, క్లబ్బు అధ్యక్షుడు వస్తాడు. మా ఇంటి మాట కాదని ఒకే ఒక్క కోచ్ జట్టు కట్టాడు. ఇప్పుడు ట్రాక్టర్లు అమ్ముకుంటున్నాడు.

ఈసారి చెప్పాల్సింది నేను.

"వాడి పేరు చెప్తావు కదక్కా?" అంది రెగీనా.

"లోపలికి రా, టీ పెడతాను," అన్నాను.

ఆగస్టు 17

నాకు ఆటతో పని లేదు. నాన్న సీటు ఖాళీగా ఉంటే బాగుండదని వెళ్తాను. అంతే.

ఆగస్టు 20

ఊరగాయ దోసకాయల జాడీ ఒకటి రెగీనాకి ఇవ్వడానికి బయల్దేరాను. దారిలో ఆట హాలు ఉంది కదా అని లోపలికి తొంగిచూశాను. (హాలు రెగీనా ఇంటికి దారిలో లేదు. కానీ ఆ పూట అలా నడిచాను.)

ప్రాక్టీసు జరుగుతోంది. పైవరసలో కూర్చుని ఒక పరలోక జపం చెప్పుకున్నాను, చూశాను.

గార్డు ఆర్మినస్ బంతిని ఎవరూ లేని చోటికి విసురుతాడు. కంటికి కనపడని దాన్ని నమ్మడమే విశ్వాసం అంటారు. ఈ అబ్బాయిది గొప్ప విశ్వాసం. కెప్టెన్ గింతౌతస్‌కి ఇది చివరి సీజను. ఐదేళ్లుగా ఇదే చివరి సీజను. పరిగెత్తేటప్పుడు అతని నడుము ముందు ఆలోచించుకుని తర్వాత కదులుతుంది. తౌత్వీదస్ దూరం నుంచి వేస్తే పడుతుంది, కానీ చుట్టూ ఎవరూ ఉండకూడదు. సన్యాసి కావాల్సినవాడు.

గుండర్స్ సంగతి. లూథరన్. అయినా బుట్టకి తగిలి వచ్చే రీబౌండ్లు పట్టేస్తాడు. ముందు తన వీపుతో ఎదుటివాణ్ణి పక్కకి జరుపుతాడు, ఆ తర్వాతే ఎగురుతాడు. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లలో ఇలా చేసినవాళ్లని ఇద్దర్ని చూశాను. ఎడమచేత్తో కూడా బంతి వేస్తాడు.

మా ఐమంతస్ బాగా చెమటోడుస్తున్నాడు.

జాడీ చేతిలోనే ఉండిపోయింది. ఇంటికి తెచ్చేశాను. గుండర్స్ తిన్నాడు.

ఆగస్టు 24

తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టాను. "ఏది మంచిదైతే అది జరగనీ తండ్రీ" అని.

సాయంత్రం రెగీనా ఫోను. "వాడి పేరు చెప్పావా?"

"దేవుడికి పేర్లు తెలుసే."

"తెలుసులే. కానీ నువ్వు చెప్పావా?"

పాలు పొంగుతున్నాయని పెట్టేశాను. పొయ్యి మీద పాలు లేవు. పెట్టాను, తర్వాత.

ఆగస్టు 28

జిగ్మస్ వచ్చాడు. ఆ మొహం చూస్తేనే తెలిసింది, పథకంతో వచ్చాడని. మావాడు పథకం వేసినప్పుడల్లా చెవులు ఎర్రబడతాయి.

"అక్కా, ఆ లాత్వియా వాడికి రోజూ మన బంగాళాదుంప ఉండలు, త్సెపెలినై పెట్టు. లోపల పంది మాంసం కూరి, పైన కొవ్వు వేయించి పోసి, మీగడ కూడా వెయ్యి. వారం తింటే వాడు ఎగరడం కాదు, లేవడం కూడా కష్టమే."

"అతిథికి కీడు చెయ్యమంటున్నావా?"

"కీడేంటక్కా? తిండి! మన ఇంటి తిండి! రక్తం ముందా, ఆట ముందా?"

"మీ ఆవిడ పుట్టినరోజు ఎప్పుడు?"

"...మే నెలలో అనుకుంటా. ఎందుకు?"

"మన జట్టు పానెవేజీస్ మీద గెలిచింది ఎప్పుడు?"

"రెండువేల పదకొండు, నవంబరు, రెండో ఓవర్‌టైమ్‌లో, చివర్లో ఆ ఫ్రీ త్రో..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగాడు.

"ఇంటికి వెళ్లరా," అన్నాను.

బంగాళాదుంపలు ఎలాగూ తురిమి ఉన్నాయి. అందుకని త్సెపెలినై చేశాను. జిగ్మస్ చెప్పినందుకు కాదు. పిల్లాడు తొమ్మిది తిన్నాడు, చేతులు జోడించాడు, పైకి వెళ్లి నిద్రపోయాడు.

ఆగస్టు 29

గుండర్స్ ఈ రోజు ప్రాక్టీసులో అందరికన్నా ఎక్కువ ఎగిరాడట. జిగ్మస్ ఫోను చేసి, "నిన్న వాడికి ఏం పెట్టావక్కా?" అన్నాడు. గొంతు నీరసంగా ఉంది.

ఆగస్టు 31

పక్క ఊరి జట్టుతో స్నేహపూర్వక ఆట. నాన్న సీటులో కూర్చున్నాను. నా ఎడమ పక్క రెగీనా, కుడి పక్క జిగ్మస్. ముందు వరసలో ఫాదర్ కస్పరస్, ఉపదేశం త్వరగా ముగించుకుని వచ్చారు.

రెండో భాగంలో ఐమంతస్‌ని దింపారు. రెగీనా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వాడు మొదటి ఫ్రీ త్రో వేసేముందు తల్లి వైపు చూశాడు. ఆ తర్వాత బుట్ట వైపు చూశాడు. రెండో దానికీ అంతే. రెండూ పడలేదు.

నేను బంతిని చూడలేదు, వాడి కాళ్లని చూశాను. ఎగిరేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు కుడికాలు నేలని నమ్మడం లేదు. ముందు ఎడమకాలు దిగుతుంది, కుడిది వెనకాల మెల్లగా, చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు. పోయిన చలికాలం మోకాలికి ఆపరేషనైనప్పటి నుంచి.

"ఎలా ఆడాడు?" అంది రెగీనా.

"ప్రాణం పెట్టి ఆడాడు."

"చూశావా!" అని జిగ్మస్‌తో అంది.

ఆట పోయింది. గుండర్స్ ఆడినంతసేపూ మేం ముందున్నాం. ఇది కేవలం లెక్క కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబరు 1

తొమ్మిది రోజుల ప్రార్థన నేటితో అయిపోయింది.

సెప్టెంబరు 2

అయిపోయింది గాని ఏదో మిగిలినట్టుంది. ఉప్పు వెయ్యడం మరిచిన పులుసులా.

సెప్టెంబరు 4

మెట్ల మీద చెప్పాల్సింది వంటింట్లో ఒకసారి అనుకుని చూశాను. గార్డు, కెప్టెన్, తౌత్వీదస్, అంతా బాగానే వచ్చింది. సెంటర్ దగ్గరికి రాగానే పిల్లి లోపలికి వచ్చింది. పిల్లికి పాలు పోశాను. మళ్లీ మొదలుపెట్టలేదు.

ఒకడు ద్రోహి అయి పోయాక, పన్నెండో చోటు దగ్గర అపొస్తలులకే ఇబ్బంది వచ్చింది. వాళ్లు చీట్లు వేసుకున్నారు.

సెప్టెంబరు 6

ఐమంతస్ ఆపిల్స్ కోయడానికి వచ్చాడు. ప్రతి ఏడూ వస్తాడు, వాడికి నిచ్చెన అక్కర్లేదు. వాడు కోసి ఇచ్చేవాడు, నేను గంపలో పేర్చేదాన్ని, దెబ్బతిన్నవి పక్కన పెట్టేదాన్ని.

"పెద్దమ్మా, వచ్చే ఆదివారం నా గురించి ఏం చెప్తావు?"

"ఈ పక్కవి మెత్తబడ్డాయి, జాగ్రత్తగా పట్టుకో."

"మాట దాటెయ్యకు పెద్దమ్మా. నేను పుట్టకముందు నుంచీ నువ్వు ఈ ఆట చూస్తున్నావు. నాకు బంతి పట్టడం తాతయ్య నేర్పాడు. పట్టుకున్నది తప్పు అని చెప్పింది నువ్వే."

"నాకు ఆటతో..."

"పని లేదు, తెలుసు." నవ్వాడు. నవ్వితే అచ్చం వాళ్లమ్మే. "స్పోర్ట్స్ స్కూల్లో చిన్నపిల్లలకి నేర్పే ఉద్యోగం ఉంది, రమ్మంటున్నారు. ఈ నెలాఖరు దాకా ఆగుతారట. అమ్మకి చెప్పలేదు."

"నీకేం కావాలిరా?"

కొమ్మ పట్టుకుని ఆగిపోయాడు. "ఆడాలని ఉంది. వచ్చిన చిక్కే అది. ఆడాలని లేకపోతే ఎప్పుడో వెళ్లిపోయేవాణ్ణి." ఒక కాయ కోసి నా చేతిలో పెట్టి, "నువ్వు మెట్ల మీద నా పేరు చెప్తే కోచ్ ఉంచుకుంటాడు. ఊరితో ఎవడు పెట్టుకుంటాడు? బెంచి చివర కూర్చుంటాను. అమ్మ వారం వారం హాలుకొచ్చి నన్ను చూసుకుంటుంది. ఎప్పుడైనా దించుతారు. ఎగురుతాను."

ఎగురుతాను అన్నాడు. దిగుతాను అనలేదు.

"నువ్వైతే నన్ను ఉంచుకుంటావా, పెద్దమ్మా?"

"ఆదివారం చెప్తాను."

"అంటే ఉంచుకోవు."

నేను ఆపిల్స్ పేర్చాను. వాడు చెట్టు మొత్తం కోశాడు, ఒక్కటి కూడా వదలకుండా. గంపలు కొట్టంలో పెట్టి, నా తల మీద ముద్దు పెట్టి వెళ్లాడు. దాని కోసం చాలా కిందికి వంగాల్సొచ్చింది వాడికి.

సెప్టెంబరు 8

షిలువ ఊళ్లో మరియమ్మ తిరునాళ్లు. మా చర్చి ఆడవాళ్లతో వెళ్లాను. బండి నడిపింది గుండర్స్. లూథరన్‌కి అక్కడేం పని అంటే, "దారి చూద్దామని అమ్మగారూ" అన్నాడు. చర్చి బయట మర్యాదగా నిలబడ్డాడు. అతని నీడలో నలుగురు ముసలమ్మలు కూర్చున్నారు.

పాపాల ఒప్పుకోలుకి జనం బారులు తీరి ఉన్నారు. మన ఫాదర్ కస్పరస్ ఒక చెట్టు కింద కుర్చీ వేసుకుని వింటున్నారు. నా వంతు వచ్చింది.

"ఫాదర్, సొంత రక్తం కన్నా జట్టు మేలు ఎక్కువ కోరుకుంటే పాపమా?"

కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నారు. తర్వాత, "ఏ స్థానం?" అన్నారు.

"సెంటర్."

నిట్టూర్చారు. "అదే కష్టం. అంచు స్థానమైతే దేవుడు సర్దుకునేవాడు." ముందుకు వంగారు. "ఆ లాత్వియా పిల్లాడు ఎడమచేత్తో వేస్తాడా?"

"ఇద్దరు మీద పడ్డా వేస్తాడు, ఫాదర్."

"దేవా!" అన్నారు. అది ప్రార్థనో కాదో నాకు తెలియలేదు. వెంటనే గొంతు సవరించుకుని మళ్లీ ఫాదర్ అయ్యారు. "మేనల్లుడికి... చెల్లెలి కొడుక్కి వ్యతిరేకంగా ఏమైనా ప్రార్థించావా?"

"లేదు ఫాదర్. వాడి కోసమూ ప్రార్థించలేదు. తొమ్మిది రోజులు మోకాళ్ల మీద ఉన్నాను, వాడి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తితే దేవుడు వింటాడేమోనని."

నా వెనక వరసలో ఎవరో దగ్గారు.

"ఒక జపమాల చెప్పుకో తల్లీ. ఏం అడగాలో నేను చెప్పను. చోటూ వద్దు, జట్టూ వద్దు. పిల్లాడి పేరు మాత్రం చెప్పు."

చెప్పాను. చర్చి వెనక గడ్డిలో మోకరించి, ప్రతి పూసకీ ఐమంతస్ అన్నాను. మొదటి పది పూసల్లో వాడి డిఫెన్సు గుర్తొచ్చింది. తర్వాతి పదిలో మా నాన్న వాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని బుట్టలో బంతి వేయించడం. ఆ తర్వాత ఆట లేదు. వాడి కుడి మోకాలొక్కటే కనపడింది, దాని మీద ఉన్న ఎర్రటి గీత.

తిరిగొచ్చేటప్పుడు బండిలో ముసలమ్మలు పాటలు పాడారు. గుండర్స్ మాటలు తెలియకపోయినా గొంతు కలిపాడు.

సెప్టెంబరు 11

రెగీనా తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసి పెట్టుకుంది, ఆదివారానికి. ఫోనులో చెప్పింది. కేకు కూడా చేస్తుందట.

సెప్టెంబరు 13

గుండర్స్ ఈ సాయంత్రం మాట్లాడలేదు. పులుసు సగమే తాగాడు. పెద్ద సంచి మెట్ల దగ్గర ఉంది. సెలవుకి ఇంటికి వెళ్తున్నాడేమో అనుకున్నాను. అడగలేదు.

రేపటి మాటలు సిద్ధంగా ఉన్నాయి. పిల్లి రాలేదు.

సెప్టెంబరు 14

అంతా వరసగా రాస్తాను.

పూజ త్వరగా అయింది. ఫాదర్ కస్పరస్ చివరి ఆశీర్వాదం నడుస్తూనే ఇచ్చారు. బయట ఎండగా ఉంది. ఊరంతా మెట్ల కింద. కోచ్ వైదోతస్ పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ మొదటి వరసలో నిలబడ్డాడు, పక్కన క్లబ్బు అధ్యక్షుడు. రెగీనా తెల్ల జాకెట్టులో, కేకు పళ్లెంతో. ఐమంతస్ చివర్న, గోడకి ఆనుకుని. జిగ్మస్ నా పక్కకి వచ్చి, "అక్కా, గొంతు పెంచు, నాన్న గొంతు అందరికీ వినపడేది," అని గుసగుసలాడాడు.

నేను గొంతు పెంచలేదు. వాళ్లే దగ్గరికి జరిగారు.

"ఆర్మినస్ బంతిని ఎవరూ లేని చోటికి వేస్తాడు. ఈ ఏడు అక్కడ ఎవరైనా నిలబడితే కొన్ని ఆటలు గెలుస్తాం." నవ్వులు. ఆర్మినస్ తల్లి కూడా నవ్వింది. "గింతౌతస్‌కి ఇది చివరి సీజను. వచ్చే ఏడూ ఇదే చెప్తాను. మొదటి భాగం ఆడించండి, రెండో భాగం కూర్చోబెట్టండి, మధ్యలో వేడినీళ్ల సంచి ఇవ్వండి. తౌత్వీదస్‌కి బంతి ఇచ్చి చుట్టూ ఖాళీ చెయ్యండి."

"సెంటర్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. రొట్టెల కొట్టు ముసలాయనే అయ్యుండాలి.

"సెంటర్ గుండర్స్," అన్నాను. "పన్నెండో చోటు అతనిది. ఆడేది మాత్రం మొదటి ఐదుగురిలో."

గింజలు నమలడం ఆగింది.

"మా ఐమంతస్‌ని తీసుకోవద్దు. వాడు ఎగరగలడు. దిగేటప్పుడు భయపడతాడు. భయంతో దిగేవాణ్ణి మన సరదా కోసం ఎగరమనడం పాపం. వాడు నా చెల్లెలి కొడుకు కాబట్టి ఇంత వివరంగా చెప్పాను. వేరే ఎవరి కొడుకైనా మాట ఇదే అయ్యేది." తర్వాత, నాన్న చెప్పినట్టే చివర్న స్థానం చెప్పాను: "పది జట్లలో ఆరోది. ఆశ పక్కన పెడితే ఏడు."

మెట్లు దిగాను. రెగీనా పళ్లెం జిగ్మస్ చేతిలో పెట్టి, వీధిలోకి నడిచి వెళ్లిపోయింది. వెనక్కి తిరగలేదు. ఐమంతస్ గోడ దగ్గరే ఉన్నాడు, కళ్లు మూసుకుని. ఎండకి అనుకోవచ్చు.

కోచ్ వైదోతస్ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. మొహం పాలిపోయి ఉంది. "అమ్మా, ఏంటమ్మా ఇది? మీ మాట దాటకూడదనే కదా నిన్న సాయంత్రమే ఐమంతస్‌తో సంతకం పెట్టించాను! గుండర్స్‌కి రేపు ఉదయం వాళ్ల దేశానికి, రీగా బస్సు. మీరు చెప్పాక ప్రకటిస్తే గౌరవంగా ఉంటుందని అబ్బాయిలిద్దర్నీ అంతదాకా బయట చెప్పొద్దన్నాను."

"నేను చెప్పకముందే నా మాట విన్నారా?"

"ఊళ్లో ఎవర్నడిగినా అక్క తన వాణ్ణే చెప్తుందన్నారు!"

"మీకు ఏది మంచిదనిపించింది?"

"నాకా?" అన్నాడు. ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేరు ఇంతవరకు. "లాత్వియా వాడే. ఎవడికైనా తెలుస్తుంది."

క్లబ్బు అధ్యక్షుడు దూరం నుంచి కోచ్‌ని చూస్తున్నాడు, ట్రాక్టర్ల వాణ్ణి చూసినట్టు.

సాయంత్రం అందరూ నా బల్ల దగ్గరికే వచ్చారు. మా ఇంట్లో గొడవైనా ఇక్కడే కూర్చుని పడతాం. రెగీనా కోటు విప్పలేదు. ఐమంతస్ తల్లి ఎదురుగా. జిగ్మస్ చేతిలో కేకు పళ్లెం ఇంకా ఉంది. ఒక ముక్క తగ్గింది.

"ఊరందరి ముందూ," అంది రెగీనా. "నా కొడుకుని. ఊరందరి ముందూ, అక్కా."

"అవును."

"నాకు చెప్పొచ్చుగా. ఇంట్లో చెప్పొచ్చుగా."

"చెప్పాల్సింది. నాకు ధైర్యం లేకపోయింది. ఊరి ముందైతే నువ్వు నా మాటకి అడ్డురావని."

"నీకే ఒక కొడుకు ఉండి ఉంటే తెలిసేది."

నేను లేచి టీకి నీళ్లు పెట్టాను.

"అమ్మా, ఆపు," అన్నాడు ఐమంతస్. "దిగేటప్పుడు ప్రతిసారీ కళ్లు మూసుకుంటున్నాను. ప్రతిసారీ. నిన్న సంతకం పెడుతుంటే కూడా కళ్లు మూసుకున్నాను, కోచ్ అది ప్రార్థన అనుకున్నాడు. ఇంటికొచ్చి నీకు చెప్దామని గుమ్మం దాకా వచ్చాను. నువ్వు జాకెట్టు మళ్లీ ఇస్త్రీ చేస్తున్నావు."

రెగీనా వాడి మొహం చూసింది. తర్వాత బల్ల కింద వాడి మోకాలి వైపు చూసింది. కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది.

"నొప్పి ఉందా?" అంది.

"నొప్పి లేదమ్మా. భయం."

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు నిలబడి చప్పట్లు కొడతావు కదా."

అప్పుడు రెగీనా ఏడ్చింది. వాడు లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను టీ పోశాను.

ఉన్నట్టుండి జిగ్మస్ కుర్చీలోంచి లేచాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "మరి వాడు... ఆ లాత్వియా వాడు వెళ్లిపోయాడా? శనివారం పానెవేజీస్‌తో ఆట! సెంటర్ లేకుండా ఎలా?"

"నీ త్సెపెలినై ఏమయ్యాయి రా?" అన్నాను.

"అది వేరే అక్కా! అప్పుడు వాడు పరాయివాడు!" అంటూనే మెట్లెక్కి పరిగెత్తాడు. పైన ఇద్దరి తలలూ దూలానికి తగిలిన చప్పుడైంది. కాసేపటికి సంచి మోసుకుంటూ గుండర్స్ దిగాడు, ఆ సంచిని వెనక్కి లాగుతూ జిగ్మస్. పిల్లాడికి ఏం అర్థం కాలేదు. అందరి మొహాలూ చూసి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

రెగీనా కళ్లు తుడుచుకుంది. అతన్ని కిందినుంచి పైదాకా చూసింది, పైదాకా చూడ్డానికి కొంచెం సమయం పట్టింది. "తిన్నావా?" అంది.

"లేదమ్మగారూ."

"కూర్చో. కేకు ఉంది."

అతను కూర్చుని చేతులు జోడించాడు. మేమూ జోడించాం. జిగ్మస్ కూడా, చుట్టూ చూసి.

తిన్నాక నిర్ణయాలు జరిగాయి. రేపు పొద్దున్నే ఐమంతస్ కోచ్ దగ్గరికి వెళ్లి ఆ చోటు వదులుకుంటాడు. మోకాలి వల్ల అని చెప్పడు, భయం వల్ల అనే చెప్తాడు. అది తనే అన్నాడు, రెగీనా వద్దనలేదు. ఈ నెల నుంచే స్పోర్ట్స్ స్కూల్లో చేరతాడు, పిల్లలకి ఎగరడం కన్నా ముందు దిగడం నేర్పుతాడు. గుండర్స్ పైగదిలోనే ఉంటాడు. ఆ దూలానికి జిగ్మస్ దుప్పటి చుట్టి మేకులు కొడతాడు. వచ్చే ఏడు నుంచి మెట్ల మీద అంచనా జిగ్మస్ చెప్తాడు. ఈ మార్పుకి రెగీనాది ఒక ఓటు, జిగ్మస్‌ది ఒకటి, నాదీ ఒకటి. రెగీనా నాతో క్రిస్మస్ దాకా మాట్లాడదు. హాల్లో మాత్రం పక్కపక్క సీట్లు కాబట్టి మాట్లాడుతుందట, అదీ ఆట గురించే.